పని ఇవ్వని మర్యాద

వికలాంగుల సంక్షేమ శాఖలో సహాయ సంచాలకురాలిగా నేను రిటైరవడానికి ముందటి వేసవిలో, నూజివీడు ప్రాంతం నా పర్యవేక్షణలో ఉండేది. అప్పుడే దుర్గ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆగిరిపల్లి పిల్ల. అమ్మానాన్నలు మామిడి తోటల్లో కూలికి వెళ్తారు. చూపులేనివారికి కేటాయించిన పోస్టులో ఎంపికై, నూజివీడులో ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరింది.

"జీతం ఇస్తన్నారు మేడమ్, పనే ఇవ్వట్లేదు," అంది. "ఇంటికెళ్తే ఈవేళేం చేశావని మా అమ్మ అడుగుద్ది. టీ తాగానని చెప్పనా?"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ పిల్ల పని అడిగినా వాళ్ళు పెట్టలేదు. నాకు ఒళ్ళు మండి, మర్నాడే ఆ ఆఫీసుకు వెళ్ళాను.

సూపరింటెండెంట్ కోటేశ్వరరావుగారు చెడ్డమనిషి కాదు, అదే చిక్కు. దుర్గకు ఫ్యాను కింద కుర్చీ వేయించారు. ఎండ ముదరకముందే ఆటో ఎక్కించి పంపేస్తున్నారు. ఎవరైనా తోట నుంచి మామిడిపళ్ళు పంపితే మొదటి రసం పండు ఆ అమ్మాయికే. "మా ఇంటి ఆడపిల్లలా చూసుకుంటున్నామండీ. పాపం, ఆ పిల్లకి పని చెప్పడానికి నాకు మనసెలా ఒప్పుద్ది?" అన్నారు. నాకూ ఒక రసం పండు పళ్ళెంలో పెట్టించారు.

రసం సంగతి తర్వాత చూద్దాం, ముందు ప్రొబేషన్ సంగతి చెప్పండన్నాను. కొత్తగా చేరినవాళ్ళ పనితీరు బాగుందని పై అధికారి రాసిస్తేనే ప్రొబేషన్ పూర్తయినట్టు ఉత్తర్వు వస్తుంది. అది రాకపోతే ఉద్యోగం నిలవదు. పనే అప్పగించని మనిషి పనితీరు గురించి ఏం రాస్తారు? ఆయన పళ్ళెం పక్కకి జరిపేశారు. "అయ్యయ్యో, నా చేతులతో నేనే ఆ పిల్ల ఉద్యోగం తీసేసేవాణ్ణా!" అన్నారు.

పని చేసుకోవడానికి కావలసిన సదుపాయం కల్పించడం ఆఫీసు బాధ్యతని చట్టంలోనే ఉంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టించాం. పాత ఫాంటులో కొట్టిన తెలుగు దానికి అర్థం కాదు, యూనికోడ్‌లో కొట్టాలి. అందుకు తోటి గుమాస్తాలు కొన్నాళ్ళు సణిగారు. సణగనివ్వండి అన్నాను. రైతుల అర్జీల సీటు, అంటే ఆ ఫైళ్ళన్నీ చూసే బాధ్యత, రాతపూర్వకంగా దుర్గకు ఇచ్చారు. అచ్చు అర్జీలు స్కాన్ చేసి అక్షరాలుగా మార్చుకుని విని, చేతిరాతవి చదివించుకుని, జవాబులు తనే టైపు చేసేది. గడువుకి ప్రొబేషన్ ఉత్తర్వు కూడా వచ్చింది. ఆ రోజు నాకు చాలా సంతోషమైంది.

తరువాత తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక మామిడి రైతు సూపరింటెండెంట్ గది ముందు కేకలు వేస్తున్నాడు. "పొలం పాస్‌బుక్ నకలు లేదని నా అర్జీ తిప్పి పంపిందండీ ఆ అమ్మాయి! చూపులేని పిల్ల కదా, చూసీచూడనట్టు పోద్దిలే అనుకున్నా. అబ్బే, వదిలితేనా! మీరైనా చెప్పండి."

"ఆ సీటు ఆవిడదండీ," అన్నారు కోటేశ్వరరావుగారు. "ఆవిడ కాదంటే నేను చేసేదేం లేదు. నకలు తెచ్చుకోండి."

నియామక పత్రం ఇప్పించి నా పని అయిపోయిందనుకోకూడదని ఆ ఆఫీసులో నేర్చుకున్నాను. ఆ ఉద్యోగి మీద జనం ఫిర్యాదు చేసేంత పని ఆ చేతికి వచ్చిందా లేదా అన్నది కూడా చూడాలి.