బిడ్డకు చేరని బొంత

నా చిన్నప్పుడు మా ఇంట్లో ప్రయాణమంటే ముందు కాఫీ, తర్వాతే చెప్పులు. ఊరికి పోయే మనిషిని కాఫీ తాగించకుండా గడప దాటనిచ్చేవారు కాదు. పక్కిళ్ళలో చెప్పి వెళ్ళాలి, అక్కడా ఒక లోటా ఇచ్చేవారు. వద్దంటే చిన్నబుచ్చుకునేవారు.

మాది కెంచార్లహళ్ళి దగ్గర పల్లె. మా పెద్దమ్మ కూతురికి రెండో కాన్పు బాగేపల్లిలో అత్తగారింట్లోనే అయింది. మళ్ళీ ఆడపిల్ల. పేరు పెట్టే రోజుకు పెద్దమ్మ తన పాత నూలు చీరలు మడతలు వేసి, బిడ్డకు ఒక బొంత కుట్టింది. అంత మెత్తటి బొంతను నేను మళ్ళీ చూడలేదు. తోడుగా నన్ను తీసుకుని బయలుదేరింది.

పెద్దమ్మకు ఒక బాధ ఉండేది. ఒంటికి వస్తే ఆగేది కాదు. పెళ్ళిళ్ళకు వెళ్తే పెరటి తలుపు దగ్గరే కూర్చునేది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. నీళ్ళు తాగడం వల్లే ఇలా అవుతోందని ఆమె నమ్మకం. అందుకే ముందురోజు సాయంత్రం ఒక గుక్క తాగాక మళ్ళీ చెంబు ముట్టలేదు. కాఫీ మాత్రం ఇంట్లో తాగింది, చెప్పడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ తాగింది. చిక్కటి డికాక్షన్ కాఫీ. ఆమె లెక్కలో అది నీళ్ళు కాదు, దారికి ఓపిక. మా అందరి లెక్కా అదే.

బస్సు కొంత దూరం పోయాక పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని కండక్టరును పిలిచింది.

"పాపకు ఒంటికి వస్తాండాదప్పా. బండి రోంత నిలుపు."

నాకేమీ రాలేదు. అయినా ఆ చేతి పట్టు అర్థమై దిగాను. తంగేడు పొదల వెనక నేను ఊరికే నిలబడ్డాను. తిరిగి ఎక్కాక ఆమె నా అరచేతిని మెల్లగా నొక్కింది. ఆ ఎత్తులో నాకూ భాగముందని గర్వపడ్డాను.

ఇంకాస్త దూరం పోయాక మళ్ళీ అదే మాట. కండక్టరు నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఏమ్మా, పాప పొద్దున్నే చెరువేమన్నా తాగొచ్చిండాదా?"

బస్సంతా నవ్వింది. నవ్వుతూనే ఆపాడు. మూడోసారి పెద్దమ్మ నోరు తెరవబోయి, సిగ్గుతో ఎర్రబడ్డ నా మొహం చూసి ఆగిపోయింది. సంచిలోంచి బొంత తీసింది. చలేమో అనుకున్నాను. ఆమె దాన్ని ఒడిలో పరచలేదు, తన కిందికి లాక్కుంది. అప్పుడు తెలిసింది.

బాగేపల్లి బస్టాండులో అందరూ దిగేదాకా కదలకుండా కూర్చుంది. తర్వాత బొంతను నడుముకు చుట్టుకుని దిగింది. అక్క ఇల్లు నడిచి వెళ్ళేంత దూరమే. పెద్దమ్మ ఆ వీధి వైపు చాలాసేపు చూసింది.

"ఈ వాసనతో పసిబిడ్డను యాడ ఎత్తుకునేది" అంది.

చీర ఎండేదాకా బస్టాండు గోడ వెనక కూర్చుని, వచ్చిన దారినే తిరిగి వచ్చాం. దారిలో ఆమె నా తల నిమురుతూ, నా మేలు కోరి చెప్పింది.

"ఊరికి పోయేపొద్దు నీళ్ళు ముట్టద్దు పాపా. నిన్న మాపున ఒక గుక్క తాగితి. దాంతోనే ఇట్లయింది."

ఇంట్లో బస్సు చెడిపోయిందని చెప్పింది. మళ్ళీ ఆడపిల్ల పుట్టిందనే అమ్మ రాలేదని అక్క ఏడ్చినట్టు కొన్నాళ్ళకు కబురొచ్చింది. పెద్దమ్మ విని లోపలికి వెళ్ళింది. కారణం మాత్రం చెప్పలేదు. మళ్ళీ బస్సెక్కలేదు. ఆడపిల్లనే అమ్మ రాలేదని నమ్ముతూనే అక్క కన్నుమూసింది.

నేను బడిలో టీచరునయ్యాను. బడి ఉన్నంతసేపూ నీళ్ళు ముట్టకుండా, విరామానికొకసారి టీ తాగుతూ ఉద్యోగమంతా గడిపాను. కురిసిన వాన, వచ్చిన చుట్టం, అన్నీ రోజూ డైరీలో రాసుకునే అలవాటు నాది. ఆనాటి బస్సు సంగతి ఒక్కటి మాత్రం ఎన్నడూ రాయలేదు. ఇప్పుడు పెద్దమ్మ బాధే నాకూ వచ్చింది.

చిక్కబళ్ళాపురంలో డాక్టరమ్మ మొదట అడిగింది నేను ఏమేం తాగుతానని. కాఫీ, టీ చాలామందిలో మూత్రాశయాన్ని రెచ్చగొడతాయని, నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడి అదీ రెచ్చగొడుతుందని చెప్పింది. కాఫీ మెల్లగా తగ్గించి, నీళ్ళు రోజంతా కొంచెం కొంచెంగా తాగమంది. ఆపుకోవడానికి వ్యాయామాలున్నాయి, మందులూ ఉన్నాయట. కాఫీ తగ్గించాక కొంత నయమే. ఆమె ఇంకా చెబుతుంటే నా కళ్ళకు బాగేపల్లి బస్టాండు గోడే కనిపించింది. ఇంత చిన్న మాట మా ఇంటికి ఎంత ఆలస్యంగా వచ్చింది.

ఆనాటి బిడ్డకు ఇప్పుడు మనవడు పుట్టాడు. పోయిన నెల బాగేపల్లిలో పేరు పెడుతూ నన్ను రమ్మంది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, నీ పేరు పెట్టేనాడు మీ అవ్వ ఈ ఊరి బస్టాండు దాకా వచ్చిందే అని చెప్పాలనుకున్నాను. డాక్టరమ్మ చెప్పినట్టే సీసా నిండా నీళ్ళు పట్టుకుని బస్సు దగ్గరికి వెళ్ళాను. డాక్టరమ్మ మాట నా తలలో ఉంది. పెద్దమ్మ మాట గొంతులో ఉంది; ఒక గుక్క తాగి బస్సెక్కే ధైర్యం రాలేదు. బస్సు వచ్చింది, నిలబడింది, పోయింది.

సీసాను నిండుగానే ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను.