వినపడని ఫోనుకు ఊ కొట్టిన మనిషి

ఆ వీధిలో ఆయన్ని అందరూ ఊ బాబాయి అంటారు. ముప్పై ఏళ్ళుగా సెలూన్ నడుపుతున్న మనిషికి మాటలు రాకపోవడం విడ్డూరమే. కబుర్లు వినొచ్చన్న ఆశతో జనం కుర్చీలో కూర్చుంటే, ఈయన వాళ్ళ మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టి, కత్తెర చేతిలోకి తీసుకుని, ఊ కొట్టడం మొదలుపెడతాడు. అంతకుమించి ఏమీ ఉండదు. అల్లుడు అలిగాడన్నా ఊ. పక్కింటివాడు రాత్రికి రాత్రి గోడ జరిపాడన్నా ఊ.

అయితే అది పరధ్యానపు ఊ కాదు. "తరవాతేమైంది" అని అడిగినట్టుండే ఊ ఒకటుంది. "అయ్యో" అన్నట్టుండేది ఒకటి. "నేనైతే నమ్మను గానీ, మీరు కానివ్వండి" అన్నట్టుండేది ఇంకొకటి. కత్తిరింపు అయిపోయినా తమ కథ అవలేదని, ఉన్న నాలుగు వెంట్రుకలూ మళ్ళీ సరిచేయించుకున్న బట్టతల ఆసాములు కూడా ఉన్నారు. బాబాయి వాళ్ళావిడ మాత్రం, "మా ఇంట్లో దెబ్బలాట కూడా నేనొక్కదాన్నే ఆడుకోవాలి" అని వాపోయేది.

ఆయన దగ్గరికి పదహారేళ్ళు విడవకుండా వచ్చిన లెక్కల మాస్టారు ఒకాయన, ఓ రోజు గడ్డం గీయించుకుంటూ, "ఇంక మీకు నా బెడద ఉండదులెండి" అన్నాడు. బదిలీ అయిందేమో అనుకుని బాబాయి ఊ అన్నాడు. ఆ వారంలోనే మాస్టారు ప్రాణం తీసుకున్నాడని తెలిసింది. ఎక్కడికి మాస్టారూ, ఏమైంది అని ఒక్క మాట అడిగి ఉంటే ఏమయ్యేదో బాబాయికి తెలియదు. ఎవరికీ తెలియదు. రెండేళ్ళు ఆ ఊ ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకోవడం ఎలా మొదలుపెడతారో ఆయనకు తెలియదు.

ఒకనాడు పరుపుల కొట్టు పక్కనున్న మెట్ల గోడ మీద ఒక కాగితం కనిపించింది. "బతకడం బరువైనవాళ్ళ ఫోన్లు వినడానికి మనుషులు కావాలి. జీతం లేదు." ఇది నాకు చేతనవును అనుకుని మెట్లెక్కాడు.

పైన ఒక్కటే గది. ఒక బల్ల, ఒక ఫోను, ఒక చక్రం ఊడిన కుర్చీ. నడిపేది రిటైరైన నర్సమ్మ. ఆవిడ ఆరు వారాలు శిక్షణ ఇచ్చింది. చనిపోవాలని ఉందా అని తిన్నగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన చెప్పుకునే వీలు దొరుకుతుంది. సలహాలు ఇవ్వకూడదు. ఈ గదిలో విన్నది గది దాటకూడదు. ఫోను మనంతట మనం ముందు పెట్టేయకూడదు.

"అన్నయ్యా, మీరు అన్నీ బాగా చేస్తున్నారు గానీ, కాస్త నోరు తెరవాలి" అంది ఆవిడ చివరి రోజున.

"ఊ" అన్నాడు బాబాయి.

సంగతి జరిగింది ఒక మంగళవారం, సెలూన్‌కి సెలవు రోజున. పొద్దున పదిన్నరకు ఫోను మోగింది. "మీతో మాట్లాడొచ్చా అండీ. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు" అంది ఒక ఆడగొంతు. చెప్పండమ్మా అన్నాడు బాబాయి. గరగరమని ఒక చప్పుడైంది. తరవాత నిశ్శబ్దం.

ఫోను చేసి మౌనంగా ఉండిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు. బాబాయికి మౌనం కొత్త కాదు. నిమిషానికోసారి మెత్తగా ఊ అంటూ కూర్చున్నాడు. పావుగంటయ్యాక నర్సమ్మ వచ్చి రిసీవర్‌కి చెవి ఆనించి, "ఇందులో ఊపిరి చప్పుడు కూడా లేదు. లైను చచ్చింది" అని గుసగుసగా చెప్పింది.

బాబాయి కాగితం మీద రాశాడు: "ఆవిడకి మనం వినిపిస్తుంటే?"

నర్సమ్మ ఆలోచనలో పడింది. అటునుంచి వచ్చే మాటే తెగిపోయి, ఇటునుంచి వెళ్ళేది బాగానే వెళ్తూ ఉండొచ్చు. మీ మాట వినపడలేదు, మళ్ళీ చెయ్యండి అంటే ఆవిడ పెట్టేస్తుందేమో. పెట్టేశాక మళ్ళీ చేస్తుందన్న నమ్మకం లేదు. తిరిగి తామే చేద్దామంటే, చేసినవాళ్ళ నంబరు కనపడకుండా ఏర్పాటు చేయించింది నర్సమ్మే, పట్టుబట్టి. చివరికి ఆవిడ కిందికి దిగి పరుపుల కొట్టు ఫోను నుంచి టెలిఫోన్ ఆఫీసుకు చేసింది. అవతల ఉందో లేదో తెలియని మనిషికి బాబాయి ఊ కొడుతూనే ఉన్నాడు. మధ్యలో దగ్గు వస్తే ఆపుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లైన్‌మన్ అరగంటలో వచ్చాడు. లైను కలిపే పెట్టె బయటి గోడకి, కిటికీ పక్కనే ఉంది. నిచ్చెన వేసుకుని ఎక్కి, పరీక్ష ఫోను తగిలించి చెవిన పెట్టుకున్నాడు. పెట్టుకోగానే అతని మొహం మారిపోయింది.

"మేడమ్, ఆవిడ ఉంది. మాట్లాడుతోంది. ఏమంటోందంటే..."

"చెప్పొద్దు" అంది నర్సమ్మ. "ఇక్కడ విన్నది గది దాటకూడదు."

"నేను గదిలో లేనండీ. నిచ్చెన మీదున్నా."

నర్సమ్మ ఒక్క క్షణం తటపటాయించి, గోప్యత పాటిస్తానన్న కాగితం కిటికీలోంచి చాపింది. అతను దాన్ని గోడకానించి, ఒంటిచేత్తో సంతకం పెట్టాడు. "ఇప్పటికిప్పుడు ఏదన్నా చేసుకునేలా ఉందా? అదొక్కటీ చెప్పు. దానికి ఈ నియమం అడ్డు కాదు" అంది ఆవిడ. అతను కాసేపు విన్నాడు. "లేదండీ. వంటింట్లో కింద కూర్చుని చెబుతోంది. చెప్పడం అవ్వలేదు."

"బాగుచెయ్యి మరి."

"తీగ కత్తిరించి కలపాలండీ. కత్తిరిస్తే కాల్ పోతుంది. ఈ ఫోను లోపలికి ఇద్దామంటే దీని తీగ కిటికీ దాకా అందదు."

దాంతో ముగ్గురూ సైగల ఒప్పందానికి వచ్చారు. లైన్‌మన్ వేలెత్తితే ఆవిడ మాట్లాడుతోందని, అరచెయ్యి చూపితే ఆగిందని, కళ్ళు మూసుకుంటే ఏడుస్తోందని. ఆగినచోట బాబాయి ఊ అనాలి. ఏడిస్తే "ఉన్నానమ్మా" అనాలి. రోడ్డు మీద పోయేవాళ్ళకు నిచ్చెన మీద ఒక మనిషి ఉండి ఉండి కళ్ళు మూసుకోవడం కనిపించింది. కళ్ళు తిరుగుతున్నాయేమోనని పరుపుల కొట్టాయన ఎందుకైనా మంచిదని ఒక పరుపు తెచ్చి నిచ్చెన కింద వేశాడు.

ఇలా మరో ముప్పావుగంట సాగింది. ఆ మాత్రం సైగలతోనే బాబాయి ఊ ఎంత సరిగ్గా పడిందంటే, లైన్‌మన్ రెండుసార్లు తలూపి మెచ్చుకున్నాడు.

ఉన్నట్టుండి అతను వేలు గాలిలో కొక్కెంలా తిప్పాడు. బాబాయికి అర్థం కాక ఊ అన్నాడు. లైన్‌మన్ అడ్డంగా తలూపుతూ, "అడుగుతోంది, అడుగుతోంది" అని పెదాలు కదిపాడు. మీకేమనిపిస్తోందో చెప్పండి, అసలు వింటున్నారా అని అడిగిందట ఆవిడ. ప్రశ్నకి సైగ పెట్టుకోవాలని ముగ్గురికీ తట్టలేదు.

బాబాయి కిటికీలోంచి అతన్ని చూశాడు. నర్సమ్మను చూశాడు.

"అమ్మా, నిజం చెప్పేస్తా. మీరు ఇప్పటిదాకా చెప్పింది నాకు ఒక్క ముక్క వినపళ్ళేదు. లైను పాడైంది."

నర్సమ్మ కుర్చీ పట్టుకుంది. లైన్‌మన్ కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. ఇక ఆగలేక పటకారు తీసి, తుప్పు పట్టిన మరను తీగతో సహా గట్టిగా నొక్కిపెట్టాడు. ముందే ఆ పని చేసి ఉండొచ్చు గానీ, చేస్తే తెగుతుందేమోనని భయపడ్డాడట. గరగరమంది. బాబాయి చెవిలో గొంతు వచ్చింది. నవ్వుతోందో ఏడుస్తోందో పోల్చుకోవడం కష్టమైంది.

"మరి గంటన్నర నుంచీ ఊ ఎందుకు కొట్టారండీ?"

"మీరు ఉన్నారేమోనని."

అవతల చాలాసేపు మాటలేదు. ఈసారి బాబాయికి ఆవిడ ఊపిరి వినిపిస్తూనే ఉంది.

"అయితే మళ్ళీ మొదట్నించీ చెప్పాలా?"

"ఓపికుంటే చెప్పండి. లేకపోతే ఊరికే ఉండండి. నేనెక్కడికీ పోను. ముందు ఒక్కటి అడగాలమ్మా. చనిపోవాలని ఉందా మీకు?"

"పొద్దున ఉందండీ. ఇప్పుడు ఏముందో తెలీట్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి."

"ముందు కాళ్ళు చాపుకోండి. ఇవాళ మీ పక్కన ఉండడానికి ఎవరున్నారు?"

అక్క ఉంది. కానీ అక్కతో మాటల్లేవు. మాటల్లేకపోయినా రమ్మంటే వస్తుందా అని బాబాయి అడిగాడు. వస్తుంది, తిడుతూ వస్తుంది అందావిడ. పక్కనున్న మొబైల్లో అక్కకు రెండు మాటలు పంపించి, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. రెండోసారి సగం సేపే పట్టింది. కొన్ని సంగతులు ఎందుకు చెప్పానో నాకే తెలీట్లేదు, అవి వదిలేస్తాను అంది.

ఆ సేపంతా లైన్‌మన్ నిచ్చెన మీద పటకారుతో మర నొక్కుకుని నిలబడ్డాడు. పరీక్ష ఫోను మాత్రం చెవి నుంచి తీసి మెడలో వేసుకున్నాడు. బాబాయి వింటున్నప్పుడు తనకి వినే హక్కు లేదనుకున్నాడు. చెయ్యి మార్చుకోవాల్సి వచ్చినప్పుడల్లా నర్సమ్మ కిటికీలోంచి ఒళ్ళు సగం బయటపెట్టి పటకారు పట్టుకుంది.

చివరికి తలుపు చప్పుడు, వెంటనే తిట్లు ఫోనులో వినిపించాయి. "మా అక్క వచ్చిందండీ, పెట్టేస్తున్నా" అని ఆవిడే ముందు పెట్టింది. ఆ తరవాత నాలుగు మంగళవారాలు చేసింది. డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని, అక్క ఇంకా తిడుతూనే ఉందని చెప్పింది. ఐదో వారం చెయ్యలేదు. ఎందుకో కనుక్కునే దారి లేదు. కనుక్కోకుండా ఉండడమే ఆ పనిలో అన్నిటికన్నా కష్టమని బాబాయి వాళ్ళావిడతో అన్నాడు. ఆయన అంత పొడుగు వాక్యం అనడం విని ఆవిడ స్టవ్ కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ రోజే మాస్టారి సంగతి కూడా చెప్పాడు.

ఆ మొదటి మంగళవారం నిచ్చెన దిగాక లైన్‌మన్ ఆ పరుపు మీదే కూర్చుండిపోయాడు. నీళ్ళిస్తే తాగాడు. తరవాతి వారం సెలూన్‌కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బాబాయి గుడ్డ కట్టి, ఒకవైపు కత్తిరించాడు.

"బాబాయ్, ఆవిడ సంగతి ఎవరికీ చెప్పను. సంతకం పెట్టాగా" అన్నాడు.

"తెలుసు నాయనా."

"ఆవిడ చెబుతుంటే నాదే చెబుతున్నట్టనిపించింది. నాది చెప్పొచ్చా? దానికేం కాగితం లేదుగా?"

బాబాయి కత్తెర కింద పెట్టాడు. తలుపు తీసి, బయట వరసలో కూర్చున్న ఇద్దరినీ సాయంత్రం రమ్మన్నాడు. తిరిగొచ్చి కుర్చీని అద్దం వైపు నుంచి తన వైపు తిప్పి, పక్క కుర్చీలో తను కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని అడిగాడు.

లైన్‌మన్ సగం కత్తిరించిన తల నిమురుకుంటూ వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.