ఏటి అన్నందుకు

ఎదుటివాడు పెద్ద మాటలు మొదలుపెట్టగానే దాలమ్మ చుట్టను తిప్పేది. అంతవరకు బయట కాలుతున్న కొసను నోట్లోకి తీసుకొని పెదవులు మూసేది. నిప్పు లోపల, కాలని కొస బయట. పొగ ముక్కులోంచి సన్నగా వచ్చేది. తెలియనివాళ్లు ఆమె శ్రద్ధగా వింటున్నదనుకునేవారు. తెలిసినవాళ్లు మాట ముగించి లేచేవారు.

అడ్డపొగ ఆ తీరంలో వింత కాదు. సముద్రం మీద గాలికీ తుంపరకూ ఆరిపోకుండా మగవాళ్లు అలా కాలుస్తారు. ఒడ్డున ఆడవాళ్లూ కాలుస్తారు. వాళ్లను కారణం అడిగినవాళ్లు లేరు. దాలమ్మ ఆ అలవాటును మరో పనికి కూడా వాడుకుంది, అంతే. ఎండు నెత్తళ్ల చేపలను మూడుసార్లు వాసన చూసి పెదవి విరిచే బేరగాడి ముందు చుట్ట తిప్పేది. ఓట్ల కోసం ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ వచ్చిన పెద్దమనుషుల ముందు తిప్పేది.

అక్కుపల్లి దాటి ఇంకొంత నడిస్తే ఆమె ఉండే పాలెం. పొద్దున్నే ఎండుచేపల గంప ఎత్తుకొని కాశీబుగ్గ వెళ్లేది, సాయంత్రానికి ఖాళీ గంపతో తిరిగి వచ్చేది. మొగుడు నీలకంఠం ఒరిస్సాలో ఒక రేవులో పెద్ద బోటు మీద పని చేసేవాడు. వేట ఆపిన రోజుల్లో ఇల్లు చేరేవాడు. మిగతా కాలమంతా అక్కడే.

2005 చలికాలంలో ఆ రేవులో పోలీసులు విదేశీయుల కోసం వెతికారు. వెతికారనడం మర్యాద. బోట్లు ఒడ్డు చేరగానే దిగినవాళ్లను దిగినట్టే లారీ ఎక్కించారు. బంగ్లాదేశ్ నుంచి దొంగతనంగా వచ్చినవాళ్లతో తీరం నిండిపోయిందని ఎవరో సభలో అన్నారు. పైవాళ్లు ఎందరిని పట్టారని అడిగారు. కిందివాళ్లకు ఒక అంకె కావలసి వచ్చింది. నల్లటి ఒళ్లు, తడి లుంగీ, చేతిలో కాగితం లేదు. నీలకంఠం ఆ అంకెలో చేరాడు.

పట్టుబడినవాళ్లలో పదకొండుమంది తాము తెలుగువాళ్లమన్నారు. నిజమో కాదో తేల్చడానికి ఇటువైపు నుంచి రమణమూర్తి అనే ఆఫీసరును పంపారు. గోదావరికి అవతలి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి ఆయనకు ఇంకా ఏడాది కాలేదు. జీపులో వెళ్లాడు. ఠాణా ఆవరణలో కుర్చీ వేయించుకున్నాడు. మనిషికి రెండు ప్రశ్నలు చాలుననుకున్నాడు.

"నీ మాతృభాష ఏది?" అని నీలకంఠాన్ని అడిగాడు.

"ఏటి?"

"మాతృభాష."

"ఏటి బాబూ?"

"సరే, స్వస్థలం చెప్పు."

"ఏటీ?"

పక్కన నిలబడిన ఒరియా కానిస్టేబులు తన తెలివి చూపించాడు. ఏఠి అంటే తమ భాషలో ఇక్కడ అని, వీడు స్వస్థలం ఇక్కడే అంటున్నాడని చెప్పాడు. రమణమూర్తి అంతకన్నా తెలివైనవాడు. శిక్షణ కోసం ఒక నెల కలకత్తాలో ఉన్నాడు. బెంగాలీలో ఏటి అంటే ఇది అని ఆయనకు తెలుసు. కాగితం మీద ఇలా రాశాడు: మాట్లాడు భాష తెలుగు కాదు, బెంగాలీ పదములు దొర్లుచున్నవి. సంతకం చేశాడు. తేదీ వేశాడు. భోజనానికి లేచాడు.

మిగతా పదిమంది బోటు యజమాని తెచ్చిన కార్డులు చూపించి బయటపడ్డారు. నీలకంఠం కార్డు పాలెంలో, ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది.

బయటపడినవాళ్లలో పాలెంవాడు ఢిల్లీబాబు ఒకడు. మంగళవారం పొద్దున్న రైలు దిగి నేరుగా దాలమ్మ దగ్గరకు వచ్చాడు.

"అప్పా, మావని లోపలెట్టీసినారు. ఆడి బాస తెలుగు కాదని మన ఆఫీసరే రాసిచ్చినాడంట. కానిస్టేబులు నాకు సదివి ఇనిపించినాడు."

"కాదంతే మరేటంట?"

"బెంగాలీ అంట. సుక్కురారం పొద్దున్న లారీ కడతారు. సరిహద్దు కాడ దించీసి, పో అంటారంట. ఈడు మావోడేనని ఇక్కడి ఆఫీసోలు కాయితం ఇత్తే ఒగ్గుతారు. బేగి ఎల్లు."

దాలమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. ఓటరు కార్డు, రేషను కార్డు తీసి కొంగున కట్టింది. ఆడపడుచు నూకమ్మను తోడు తీసుకొని రమణమూర్తి పనిచేసే ఆఫీసుకు వెళ్లింది.

గుమస్తా ఢిల్లీశ్వరరావు ఆ పక్కనే ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య పుట్టినవాడు. ఆఫీసు మెట్టు ఎక్కగానే పాఠ్యపుస్తకంలోంచి మాట్లాడేవాడు. కార్డులను వేలి కొసతో తిప్పి చూశాడు.

"కార్డు ఉన్నంత మాత్రాన అక్కడున్న మనిషి ఇతడేనని రుజువు కాదమ్మా. సార్ నివేదిక ఇచ్చేశారు. ఇచ్చిన నివేదికను మార్చే అధికారం సార్‌కు లేదు."

"మరెవుడికుంది బాబూ?"

"పైవారికి."

"ఆ పైవోరు మా మాటింతారా?"

"వారు సార్ నివేదికను బట్టి నడుచుకుంటారు."

దాలమ్మ చుట్ట తిప్పింది.

బుధవారం కూడా వెళ్లారు. రమణమూర్తి లోపల ఉన్నాడు, కాని లేడని చెప్పారు. ఆయన దగ్గుతున్న చప్పుడు వరండాలోకి వినిపిస్తూనే ఉంది.

గురువారం పాలెంలో ఆడవాళ్లెవరూ కాశీబుగ్గ వెళ్లలేదు. నలభైమంది గంపలతో ఆఫీసుకు వచ్చి వరండా నిండా దించారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఎండ ఎక్కేసరికి ఆ ఆఫీసులో ఉప్పుచేప వాసన తప్ప మరేమీ మిగలలేదు. కిటికీలు మూశారు. ఫ్యాన్లు వేశారు. వాసన గుండ్రంగా తిరిగింది.

"ఓట్లప్పుడు మా బాస అర్తమయిపోతాది ఈలకి," అన్నది నూకమ్మ, లోపలికి వినపడేలా. "బాగున్నావేటి అప్పా అని మా గుమ్మంకాడ ఒంగి మరీ అడిగినాడు కదే, ఆ పెద్దమనిషి!"

"అప్పుడాడు కూడా బెంగాలీవోడేనేటే?" అన్నది మరొకామె.

"అయ్యుంతాడు. ఆడినీ లారీ ఎక్కించమను."

రమణమూర్తి ఇక బయటికి రాక తప్పలేదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు. పక్కన ఢిల్లీశ్వరరావు ఫైలు పట్టుకొని ఉన్నాడు.

"చూడండమ్మా, ఇది దేశ భద్రతకు సంబంధించిన విషయం," అని రుమాలులోంచి మొదలుపెట్టాడు. "మాకు ఎవరిమీదా ద్వేషం లేదు. చట్టం ముందు అందరూ సమానులే. అతను తన భాషలో తాను స్పష్టంగా సమాధానం చెప్పి ఉంటే ఈ పరిస్థితి వచ్చేది కాదు. ప్రభుత్వం అన్నీ పరిశీలించాకే..."

దాలమ్మ చుట్ట తిప్పింది. నిప్పు నోట్లో ఉండగానే, పెదవులు విప్పకుండా, ఏదో గొణిగింది.

ఏమన్నదో ఎవరికీ వినపడలేదు. రమణమూర్తి గుమస్తా వైపు చూశాడు. ఢిల్లీశ్వరరావు ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొన్నాడు.

"ఏటీ?" అన్నాడు.



"ఓలమ్మా!" అని నూకమ్మ చేతులు చరిచింది. "ఈ బాబు కూడా బంగ్లావోడేనే! పట్టీండి, పట్టీండి! లారీ పిలిసీండి!"

"కాయితాలేవి నాయినా? నీ మాటలో బెంగాలీ దొర్లిపోతంది!"

"ఆ బిళ్ల జవానుని కూడా అడగండే. పొద్దున్న నన్ను ఏటి గావాల అన్నాడు!"

దాలమ్మ చుట్టను నోట్లోంచి తీసింది.

"నానేటీ అన్నేదు బాబూ," అన్నది నెమ్మదిగా. "అన్నది నువ్వు."

ఢిల్లీశ్వరరావు ఫైలును ముఖానికి దగ్గరగా పట్టుకొన్నాడు. తన ఊరి మాట తన నోట్లోంచి వచ్చినందుకు సిగ్గుపడుతున్న మనిషిని చూడటం ఆ ఆడవాళ్లకు కొత్త కాదు. అయినా ఇంత దగ్గరగా చూడలేదు. రమణమూర్తి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

గంట తరవాత టైపు మిషను చప్పుడు వినిపించింది. నీలకంఠం ఈ ప్రాంతపువాడేనని కాగితం తయారైంది. ముద్ర కూడా పడింది. దానితోపాటు ఇంకో కాగితం వచ్చింది. ఢిల్లీశ్వరరావు తలెత్తకుండా దాన్ని చదివాడు.

"నా భర్త తన వివరములు సరిగా చెప్పనందున పొరపాటు జరిగినది. తప్పు మాదే. అధికారుల వైపు ఎట్టి లోపమూ లేదు. ఇకపై ఎవరిమీదనూ ఫిర్యాదు చేయబోను."

"ఎవుడు సెప్పినాడు ఇది?"

"నువ్వే చెప్పినట్టుగా రాశారమ్మా. వేలిముద్ర వేస్తే ఆ కాగితం ఇస్తారు."

"ఎయ్యకపోతే?"

"సార్ కాసేపట్లో క్యాంపుకు వెళ్తారు. మళ్లీ సోమవారం."

లారీ కట్టే శుక్రవారం మర్నాడే. దాలమ్మ చుట్ట వైపు చూడలేదు. సిరా అట్ట మీద బొటనవేలు నొక్కి, చూపించిన చోట పెట్టింది. వేలు తుడుచుకోమని గుమస్తా పాత కాగితం ముక్క ఇచ్చాడు. తీసుకోలేదు.

ఆ సాయంత్రమే ఢిల్లీబాబు పలాసలో రైలెక్కాడు. లారీ బయలుదేరకముందే కాగితం ఠాణాలో ఇచ్చాడు. నీలకంఠాన్ని దింపి, మిగతావాళ్లతో లారీని పంపించారు. క్షమించమని ఎవరూ అనలేదు. తప్పు అతనిదేనని దాలమ్మ వేలిముద్రతో ఇంకో కాగితం ఉండగా ఎందుకంటారు?

ఆదివారం మధ్యాహ్నం నీలకంఠం ఇల్లు చేరాడు. గంజి తాగాడు. పాలెమంతా చుట్టూ మూగి కొట్టారా, తిట్టారా అని అడిగారు. అతను వేరే సంగతి ఎత్తాడు.

"అక్కడ ముసిలోడొకడుండీవోడు," అన్నాడు. "వలలు కుట్టీవోడు. ముప్పై ఏళ్లై ఆ రేవులోనే ఉన్నాడంట. కూడొత్తే ముందు నాకెట్టీవోడు. లారీ ఎక్కించీసినారు. ఎక్కనేకపోతే ఇద్దరు పట్టుకొని పైకిసిరినారు."

"ఆడు నిజంగా అటేపోడేనేట్రా?" అని నూకమ్మ అడిగింది.

"ఏమో. నానడగనేదు. వల బాగా కుట్టీవోడు."

 గంజి గిన్నె కింద పెట్టి నీలకంఠం అడిగాడు.

"అయితే నా మాట తెలుగు కాదని రాసినోడిని ఏటి సేసినారు?"

ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. దాలమ్మ కుడిచెయ్యి చీర మడతల్లోకి తీసుకొంది. మూడు రోజులుగా ఉప్పులో, నీళ్లలో నానినా బొటనవేలు గీతల్లో నీలం ఇంకా పోలేదు.

"తప్పు నీదేనని ఏలేసినాను మావా," అన్నది.

"ఏటీ?"

 మొగుడి ముందు ఆమె ఎప్పుడూ చుట్ట తిప్పి ఎరగదు. ఆ రోజు తిప్పింది.

మర్నాడు పొద్దున్న గంప ఎత్తుకొని బయలుదేరింది. కాశీబుగ్గ సంతకు వెళ్లలేదు. ఆఫీసు తలుపు తెరవకముందే వరండా మీద గంప దించి, పైన కప్పిన గోనె తీసేసింది. పదిన్నరకు ఢిల్లీశ్వరరావు వచ్చాడు, ఆ తరవాత జీపు వచ్చింది.

"మీ ఆయన వచ్చేశాడట కదమ్మా, సంతోషం," అన్నాడు రమణమూర్తి మెట్లెక్కుతూ. "చూశావుగా, ఆలస్యమైనా ప్రభుత్వం న్యాయమే చేస్తుంది. ప్రజలు కూడా కాస్త సహకరించాలి."

దాలమ్మ చుట్ట తిప్పుకొని అంతా విన్నది. ఆయన ముగించాక చుట్ట తీసి మెట్టు మీద నలిపింది. బొటనవేలు ఆయన ముఖం ముందు నిలబెట్టింది.

"నా ఏలు నాకిచ్చీండి," అన్నది.

గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.