ఉన్నదున్నట్టుగా కొన్న కారు

మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా దాన్ని తిప్పి చూడటం తప్పు. మా తాత ఎద్దులు కొన్నా, బండి కొన్నా, అమ్మేవాడు చెప్పింది విని తల ఊపేవాడు. పళ్లు పట్టి చూడటం, డెక్కలు ఎత్తి చూడటం, బేరం కుదరక లేచిపోయి నాలుగడుగులు వేసి మళ్లీ రావడం మా వంశంలో లేవు. ఆ తర్వాత రోడ్డు పక్క పొలాలు పోయాయి. బత్తాయి తోట పోయింది. పెద్ద ఇంటికి నడిమధ్యలో గోడ కట్టి సగం వేరేవాళ్లకు ఇచ్చేశాం. ఆ అలవాటు మాత్రం నా దాకా భద్రంగా వచ్చింది. నేను దాన్ని మిగిలిన ఆస్తి కింద లెక్కేసుకున్నాను.

మా ఆవిడ కిడ్నీలు రెండూ పాడయ్యాయి. మా వైపు నీళ్లు తాగేవాళ్లకు అది వింత జబ్బేమీ కాదు. వారానికి రెండుసార్లు మార్కాపురంలో డయాలసిస్. మా ఊరు గిద్దలూరుకూ కంభానికీ మధ్య ఉంటుంది. పోయేటప్పుడు ఎట్లాగో పోతుంది. వచ్చేటప్పుడు మనిషి పిండేసిన గుడ్డలా ఉంటుంది. బస్సులో నిలబడలేదు, కూర్చోవడానికి చోటుండదు. ఊళ్లో కార్లున్న ఇళ్లు నాలుగున్నాయి. అడిగితే కాదనరు. అందులో మూడు ఇళ్ల పెద్దలు ఒకప్పుడు మా అరుగు కింద చెప్పులు విడిచి లోపలికి వచ్చినవాళ్లు. నేను అడగలేదు.

"మీ వీపు వంగదు, సరే," అంది మా ఆవిడ ఒకరోజు బస్సు దిగి రాతి బల్ల మీద కూలబడి. "నా నడుం వంగిపోతా ఉంది. దానికేమన్నా చూడండి."

మిగిలిన ఎకరా అమ్మేసి పాత కారు కొనడానికి మార్కాపురం పోయాను.

ఊరి బయట, పలకల ఫ్యాక్టరీలు దాటినాక, రంగు కాగితాల తోరణాలు కట్టిన ఖాళీ స్థలంలో ఇరవై కార్లు పెట్టుకుని ఒకతను అమ్ముతున్నాడు. నలభై లోపు వయసు. నేను ఊరి పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"అయ్యో, ఆ ఇంటోళ్లా మీరు? మా నాయన చెప్తా ఉండేవాడు మీ తాతను గురించి. కూర్చో పెదనాయనా, ముందు కూర్చో."

లోపలి నుంచి తన కుర్చీ తెచ్చి వేశాడు. తను కూర్చోలేదు. చాలా ఏళ్లయింది, నా ముందు ఒక మనిషి అట్లా నిలబడి. నిజం రాస్తున్నాను, ఆ కారు నేను కొనడం అక్కడే అయిపోయింది. తర్వాత జరిగిందంతా తాళం చేతికివ్వడమే.

తెల్ల కారు. తుడిచి మెరిపించాడు. ఒకే యజమాని, ఎక్కడా గుద్దుకోలేదు, గీత పడలేదు అన్నాడు.

"కావాలంటే మెకానిక్కును తెచ్చి చూపించుకో పెదనాయనా. కానీ మీ ఇంటోళ్లకు ఇట్లాంటివి ఎందుకులే."

ఆ చివరి ముక్క అనకుండా ఉంటే మెకానిక్కును పిలిచేవాణ్ణేమో.

ఒక కాగితం ముందు పెట్టాడు. అందులో ఇట్లా ఉంది: బండిని ఉన్నదున్నట్టుగా తీసుకున్నాను. నాకు ఆ మాట నచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పడం మా ఇంట్లో చిన్నప్పుడు నేర్పే మొదటి బుద్ధి. ఈ కుర్రవాడు ఉన్నదున్నట్టు చెప్పాడు, నేను తీసుకున్నాను, అని దాని అర్థం అనుకుని సంతకం పెట్టాను. కింద ఇంకో వరుస సన్నటి అక్షరాల్లో ఉంది. చదవడానికి కళ్లద్దాలు తీయాలి. అతను నిలబడి ఉన్నాడు. అతని ముందు కళ్లద్దాలు పెట్టుకుని వరుస వరుసా చదవడం అనుమానించినట్టు ఉంటుందని చదవలేదు.

మూడు వారాలు బాగా తిరిగింది. నేను నడిపేవాణ్ణి, మా ఆవిడ వెనక సీట్లో పడుకుని వచ్చేది. నాలుగో వారం, ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ కంభం దాటినాక కారు ఆగిపోయింది. దగ్గలేదు, మూలగలేదు. దీపాలన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. మధ్యాహ్నం రెండు గంటలు. ఆమెను రోడ్డు పక్క వేపచెట్టు నీడకు నడిపించడానికే పది నిమిషాలు పట్టింది.

గొర్రెల మందను తోలుకుపోతున్న ఒకతను ఆగాడు. మా పక్క ఊరి మనిషే. మందను పక్కకు అదిలించి నాతో కలిసి కారును మట్టిలోకి తోశాడు. తర్వాత వెనక తలుపు తెరిచి తల లోపల పెట్టి ముక్కు ఎగబీల్చాడు.

"ఏంది మామా, దీంట్లో చెరువు వాసన వస్తా ఉంది?"

"చెరువేంది? సెంటు వాసన అది."

"సెంటు పైన. కింద చెరువు. ఎండిపోయిన చెరువులో గొర్రెల్ని తోలేవాణ్ణి, నాకు తెలీదా?"

నేను వద్దనేలోపు కాళ్ల దగ్గరి పట్టను ఒక మూల పట్టుకుని లాగాడు. దాని కింద మందపాటి దూది పొర ఉంది. దాన్నీ లేపాడు. ఇనుము మీద నల్లటి ఒండ్రు ఎండి పెచ్చులు కట్టి ఉంది. అందులో ఒక నత్తగుల్ల. గోటితో గీకి తీసి నా అరచేతిలో పెట్టాడు.

"మేము పొట్టేలును కొంటేనే నోరు తెరిచి పళ్లు చూస్తాం. ఇంత పెట్టి కారు కొనేటప్పుడు పట్ట ఎత్తి చూడకపోతివా మామా?"

వేపచెట్టు కింది నుంచి మా ఆవిడ జవాబు చెప్పింది.

"వాళ్ల ఇంట్లో ఎత్తి చూడరంట నాయనా. నన్ను రోడ్డు మీద దించి చూస్తారు."

గొర్రెలతను నవ్వాడు. నవ్వాల్సిందే. వాన కోసం ఆకాశం కేసి చూసి చూసి మెడలు పట్టేసే చోట, నేను వరదలో మునిగిన కారు కొన్నాను.

గిద్దలూరు మెకానిక్కు డ్యాష్‌బోర్డు విప్పి చూసి, వైర్లన్నీ చిలుం పట్టాయని, రోడ్డు మీద ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరని అన్నాడు. బ్రేకుల దగ్గర కూడా తుప్పు ఉంది. అదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. జన్మలో మొదటిసారి ఒక మనిషి మాట చాలదని కాగితం అడిగాను. అతనికేమీ తప్పనిపించలేదు. మసి చేతులు తుడుచుకుని రాసిచ్చాడు. పాత సర్వీసు బిల్లు ఒకటి సీటు సందున ఇరుక్కుని ఉంటే అదీ తీసిచ్చాడు. దాని మీద మొదటి యజమాని ఫోన్ నంబరు ఉంది.

ఫోన్ చేశాను. కోస్తా వైపు మనిషి.

"అదాండీ? అది నాలుగు రోజులు నీళ్లలో ఉందండీ బాబూ! ఇన్సూరెన్సు వాళ్లు పనికిరాదని తేల్చి, నాకు డబ్బులిచ్చి తీసుకెళ్లిపోయారు. అది మళ్లీ రోడ్డెక్కిందా?"

ఇన్సూరెన్సు వాళ్లు ఇచ్చిన ఉత్తరం ఫోటో తీసి అదే రోజు పంపించాడు. నేనెవరో అతనికి తెలియదు. మా తాత పేరు అసలే తెలియదు.

మార్కాపురం పోయి ఆ ఉత్తరం అమ్మినవాడి ముందు పెట్టాను. ఈసారి కుర్చీ రాలేదు. అతను కూర్చునే ఉన్నాడు.

"చూడండి సార్, ఉన్నదున్నట్టుగా తీసుకున్నానని సంతకం పెట్టినారు. బండి గేటు దాటినాక మాకు సంబంధం లేదని కింద రాసే ఉంది. చదువుకోలేదా?"

పెదనాయన నుంచి సార్ దాకా రెండు నెలలు పట్టింది.

"చదవలేదు," అన్నాను. "ఇప్పుడు చదివినాను. నువ్వూ ఒకటి చదువుదువులే."

వినియోగదారుల కమిషన్ ఒంగోలులో ఉంటుంది. ముందు రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాను. దానికి వకీలు చేత అదే జవాబు ఇప్పించాడు. తర్వాత ఫిర్యాదు రాసుకుని పోయాను. నా కారు ధరకు ఫీజు లేదన్నారు. వకీలు కూడా అక్కర్లేదు, మీ మాట మీరే చెప్పుకోవచ్చు అన్నారు. ఫారంలో నా పేరు పక్కన "ఫిర్యాదుదారు" అని రాయాలి. అక్కడ నా పెన్ను ఆగింది. ఒకప్పుడు ఫిర్యాదులు మా ఇంటికి వచ్చేవి. అరుగు మీద కూర్చుని విని తీర్పు చెప్పేవాళ్లు. ఇప్పుడు నేను చేతిలో నత్తగుల్ల పొట్లం పట్టుకుని కిటికీ ముందు వరుసలో పదకొండోవాణ్ణి. నా ముందు పాడైన ఫ్రిజ్జు గురించి వచ్చిన ఒక టీచరమ్మ, మొలకెత్తని విత్తనాల గురించి వచ్చిన వెలిగండ్ల రైతు ఉన్నారు. రైతు నా ఫారం చూసి, "పేరు రాయడానికి ఏంది అన్నా అంతసేపు?" అన్నాడు. రాసేశాను.

వాయిదాలు పడ్డాయి. ఆ నెలలన్నీ మా ఆవిడ బస్సులోనే పోయింది, పక్కన నేను. కారు మా ఇంటి ముందు పట్ట కప్పుకుని ఉంది. దాన్ని ఎవరికన్నా అంటగట్టి పారేయమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. గిరాకీ కూడా వచ్చింది. అమ్మితే నాకూ ఆ మార్కాపురం మనిషికీ తేడా ఏముంది?

ఒక వాయిదాలో అతని వకీలు నేను సంతకం పెట్టిన కాగితం పైకెత్తి, "ఉన్నదున్నట్టుగా అని తనే ఒప్పుకున్నాడు," అన్నాడు. కమిషన్ అధ్యక్షుడు నా వైపు చూశాడు. చెప్పడానికి ఏముందన్నాడు. నేను లేచాను.

"అది మా వైపు మాట సార్. ఉన్నదున్నట్టు తీసుకోవాలంటే ముందు ఉన్నదున్నట్టు చెప్పాల. నాలుగు రోజులు నీళ్లలో ఉన్నది. అది చెప్పినాడా? చెప్పి అమ్మినాడని రుజువు చూపించమనండి, ఇప్పుడే ఈ ఫైలు తీసుకుని ఇంటికి పోతాను. చెప్పకపోతే నేను తీసుకున్నది ఉన్నది కాదు, లేనిది."

పక్కనున్న సభ్యురాలు పొట్లం విప్పమంది. నత్తగుల్లను చూసి, "మార్కాపురంలో ఇవి దొరుకుతాయా?" అని వకీలును అడిగింది. వకీలు ఫైలు తిరగేశాడు.

తీర్పు రాకముందు ఒక ఆదివారం పొద్దున అతను మా ఇంటికి వచ్చాడు. చేతిలో బత్తాయి పండ్ల సంచి, జేబులో టైపు చేసిన కాగితం.

"డబ్బు మొత్తం ఇచ్చేస్తా. రూపాయి తగ్గించను. ఇదిగో, దీని మీద సంతకం పెడితే చాలు. అపార్థం వల్ల కేసు వేసినాను, బండిలో లోపం లేదు అని. కారు నేను తీసుకుపోతా."

నేను ఈసారి కళ్లద్దాలు పెట్టుకున్నాను. రెండుసార్లు చదివాను. అతను కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాడు.

"లోపం లేదని కొట్టేసి, వరదలో మునిగిన బండి అని నీ చేత్తో రాయి. రాసి ఇస్తే ఇప్పుడే కేసు వెనక్కు తీసుకుంటా."

"అట్ల రాస్తే ఆ బండి నేనేం చేసుకోవాల?"

"తూకానికి అమ్ము."

"ఏందయ్యా నువ్వు! డబ్బులు వస్తా ఉంటే వద్దంటావు. మీ ఇంట్లో మనిషికి బాగలేదంట గదా. ఆమెను చూసైనా దిగిరా. ఉన్నప్పుడు చూపించాల ఇంత బిగువు. ఇప్పుడేముంది మీకు?"

అది నాకు తగిలింది. ఎదురుగా డబ్బు ఉంది. మర్నాడే డయాలసిస్. సంతకం పెడితే వచ్చే వారం ఆమె ఏదో ఒక బండిలో పడుకుని వస్తుంది. నా ఒక్కడి సంగతైతే అతన్ని అప్పుడే గడప దించేవాణ్ణి. కానీ బస్సులో నిలబడేది నేను ఒక్కణ్ణే కాదు. లోపలికి చూశాను.

ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి వాకిట్లో నిలబడింది. నా వైపు చూడలేదు.

"ఈ కారు మళ్లీ ఎవరికి అమ్ముతావు నాయనా?"

"అది మా పని పెద్దమ్మా. నీకెందుకు?"

"మాకు రోడ్డు మీద ఆగింది, వేపచెట్టు ఉండె, గొర్రెలాయన వచ్చె. తీసుకునేవాళ్లకు నల్లమల ఘాట్‌లో ఆగితే? పిల్లలుంటే?"

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ పండ్లు తీసుకుపో. నేను తినకూడదు, డాక్టరు వద్దన్నాడు. బస్సు నాకు అలవాటైంది."

అతను పోయినాక ఆమె గడప మీద కూర్చుంది. తర్వాత ఆమే అంది. "నాకు పండ్లు తేవడం ఏంది, తెలివిలేనోడు. కిడ్నీ రోగికి ఎవరైనా పండ్లు తెస్తారా?"

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. కారు వాపసు తీసుకుని సొమ్ము వడ్డీతో ఇవ్వాలి, ఇబ్బంది పెట్టినందుకు పరిహారం, ఖర్చులు. వరద సంగతి దాచి అమ్మడం మోసపు వ్యాపారం అని కాగితం మీద రాశారు. నాకు కావలసిన వరుస అది. వరండాలో అతను నా పక్కగా పోతూ, "విజయవాడకు పోతా. అప్పీలు వేస్తా. ఎన్నేళ్లు తిరుగుతావో చూస్తా," అన్నాడు.

"పో. సగం సొమ్ము ముందు అక్కడ కట్టి పో, చట్టం అది. నేనూ వస్తా. విజయవాడకూ బస్సులున్నాయి."

తీర్పులో ఇచ్చిన గడువు దాటింది. అప్పీలుకూ పోలేదు, డబ్బూ ఇవ్వలేదు. కిందటి నెల తీర్పు అమలు చేయించమని మళ్లీ అర్జీ పెట్టాను. ఇవ్వకపోతే జైలు కూడా ఉందని అక్కడి గుమాస్తా చెప్పాడు. వచ్చే గురువారం అతను స్వయంగా హాజరై సంతకం పెట్టాలి.

ఇది రాస్తుంటే మా ఆవిడ వచ్చి ఏం రాస్తున్నారని అడిగింది. చెప్పాను.

"గురువారం నేనూ వస్తా ఒంగోలుకు."

"అంత దూరం బస్సులో నీవల్ల కాదు."

"కూర్చుంటాలే. ముందే పోయి సీటు పట్టుకుందాం. వాడు సంతకం పెట్టేటప్పుడు చూడాల నేను."

"డయాలసిస్ ఉందేమో చూసుకో."

"చూసుకున్నా. శుక్రవారం అది."