తాయారు అడగని ఆదివారం

తాయారుకి ఒకటే జబ్బు: అడగడం. క్లాసులో సారు ఊపిరి పీల్చుకోడానికి ఆగితే చాలు, ఆమె చెయ్యి లేచేది.

చెన్నై కోడంబాక్కంలో ఆదివారాలు నడిచే దూరవిద్య క్లాసులవి. అందరూ చరిత్ర బీఏ వాళ్లే. సైన్సుకి భయపడి చరిత్రలో దాక్కుంటే, అక్కడికీ పర్యావరణం పేపరు వచ్చి కాలరు పట్టుకుంది. బొగ్గు, ఖనిజాలు, నేల, నీళ్లు. పాస్ కాకపోతే డిగ్రీ లేదు. గుంటూరు నుంచి వచ్చి ఇన్సూరెన్సు ఆఫీసులో గుమస్తాగా చేరిన వైదేహి ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ప్రమోషన్ మాట మరిచిపోవాల్సిందే.

తాయారుకి యాభై ఎనిమిదేళ్లు. పెరంబూరులో ఓ క్యాంటీన్లో ముప్పై ఏళ్లు దోసెలు పోసి, ఇప్పుడు డిగ్రీ మీద పడింది.

"సార్, తెలీక అడగతా. భూగర్భ జలమంటే నేల కింద చెరువుంటాదా?"

"చెరువు కాదు తాయారమ్మా. తడి ఇసకలో నీళ్లు యాడుంటాయి? రేణువుల సందుల్లో. ఆడా అంతే" అనేవాడు వరదయ్య సారు.

"ఓజోనుకి చిల్లు పడితే గాలంతా కారిపోదా సార్?"

"కారదు! చిల్లంటే ఆ పొర పల్చబడిందని!"

"బొగ్గు మళ్లీ పుట్టదా?"

"పుడతాది. కోట్ల ఏళ్లు ఆగుతావా?"

క్లాసు ఘొల్లుమనేది. తెలుగు రాని పిల్లల కోసం సారు అదే జవాబు తమిళంలో ఇంకోసారి చెప్పేవాడు. అందరికంటే గట్టిగా నవ్వేది వైదేహి. తనకన్నా మొద్దు ఒకరున్నారంటే ఎంత హాయి!

పరీక్ష నెలలోకి వచ్చేసరికి వైదేహి స్టాఫ్ రూముకి వెళ్లింది. "సార్, ఆవిడ ప్రశ్నలతో సిలబస్ అయ్యేలా లేదు. కాస్త ఆపమని చెప్పండి."

సారు చెప్పాడు. మరుసటి ఆదివారం తాయారు చేతులు ఒళ్లో పెట్టుకుని కూచుంది. టీ వేళకి మూడు పాఠాలు అయిపోయాయి. వైదేహి నోట్సు చూసుకుంది. హెడ్డింగులున్నాయి, వాటి కింద ఏమీ లేదు. వెనక్కి తిప్పితే, రాసుకున్నవన్నీ తాయారుకి చెప్పిన జవాబులే.

"ఒక్కటన్నా అడగొచ్చుగా ఆంటీ?"

"నాకు తెలుసు గదమ్మా. పుస్తకం మూడుమాట్లు చదివినా."

"మరి ఇన్నాళ్లూ?"

"అర్థం కాకపోతే నువ్వు పెన్ను మూత కొరకతావు. నువ్వు కొరికితే నేను చెయ్యెత్తేది."

"నాకు విడిగా చెప్పొచ్చుగా!"

"ఆఫీసులో పనిచేసేదానివి, దోసెలు పోసేదాని దగ్గర నేర్చుకుంటావా? ఇట్లయితే నవ్వుకుంటా నేర్చుకుంటివి."

వైదేహి టీ గ్లాసు కింద పెట్టింది. "సారుకి చెప్పింది నేనే ఆంటీ."

"తెలుసులే. స్టాఫ్ రూము వాకిట్లో చెప్తా ఉంటివే, అప్పుడూ మూత నోట్లోనే."

నవ్వొచ్చింది, కానీ బయటికి రాలేదు. ఇన్ని ఆదివారాలు నవ్విన నవ్వుల్లో ఒక్కటైనా వెనక్కి తీసుకునే దారి లేదు కదా అనిపించింది వైదేహికి.

టీ అయ్యాక సారు మళ్లీ పరుగందుకున్నాడు. పొలాల ఎరువు కొట్టుకొచ్చి చెరువులో కలిస్తే చేపలు చస్తాయన్నాడు, పేజీ తిప్పేశాడు. వైదేహి చెవులు ఎర్రబడ్డాయి. అయినా చెయ్యెత్తింది.

"సార్, ఎరువంటే బలం కదా. చేపలు బలిసిపోవాలి గానీ చావడమేంటి?"

క్లాసు ఘొల్లుమంది. "నువ్వూనా తల్లీ!" అని సారు పేజీ వెనక్కి తిప్పి, ఎరువుకి నాచు ఎట్లా కమ్ముకుంటుందో, అది కుళ్లితే చేపకి ఊపిరెట్లా ఆగుతుందో మొదటినుంచి మొదలుపెట్టాడు.

నవ్విన వాళ్లందరూ గబగబా రాసుకుంటున్నారు.