తాత ఆట

వీధిలో ఎవరి పిల్లలనైనా పెద్దవాళ్ళు కొట్టవచ్చని పుంగనూరులో మా వీధి నమ్మకం. తొంభైల చివర్లో ఆ హక్కును మా ఎదురింటి పాలాయన అందరికంటే ఎక్కువ వాడుకున్నాడు. ఆరేళ్ళ మా వాడు విసిరిన రాయి ఆయన స్కూటరు అద్దానికి తగిలింది. వాణ్ణి గోడకు తిప్పి నిలబెట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో పిక్కల మీద బాదాడు. నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చేసరికి వాతలు తేలి ఉన్నాయి.

"పెద్దాయన కొట్నాడులే, యాల రచ్చ?" అన్నాడు నా మొగుడు.

మదనపల్లెలో డిగ్రీ చదివింది నోరు మూసుకోవడానికి కాదు. అయినా ఆ రోజు మూసుకున్నాను. మూసిన నోట్లో పగ పులిసింది.

మరుసటి జూన్‌లో ఆయన తన నాలుగేళ్ళ మనవరాలిని నా ఎల్‌కేజీలో చేర్చడానికి తెచ్చాడు. "కండ్లు రెండూ ఇడ్సిపెట్టి యాడైనా కొట్టుమ్మా, మేం అడగం" అన్నాడు, వరమిస్తున్నట్టు.

"కొట్టన్లేప్పా" అన్నాను. కొట్టలేదు కూడా. అంతకంటే నీచమైన పని చేశాను.

మధ్యాహ్నం పిల్లలు ఇల్లాట ఆడేవాళ్ళు. ఆ పిల్ల ఎప్పుడూ తాతే. రిబ్బను ఝళిపిస్తూ, "గోడకు తిరుగు. ఏడిస్తే ఇంగో రెండు" అనేది. గొంతు ఆయనదే, చివర్లో దగ్గూ ఆయనదే. తల్లిదండ్రులను బడికి పిలిచిన శనివారం ఆ పిల్ల తరఫున ఆయనే వచ్చాడు. "తాత ఆట ఆడమ్మా" అని ఆ పిల్లను అందరి ముందు నిలబెట్టాను.

ఆడింది. అందరూ నవ్వారు, ఆయన కూడా. దగ్గు దగ్గరికొచ్చేసరికి వెనక నుంచి ఎవరో "అచ్చం పాలాయనే" అన్నారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆయన ముఖం మాడిపోయింది. నా కడుపు చల్లబడింది.

సోమవారం పిల్ల రాలేదు. మంగళవారం వచ్చింది కానీ బెంచీ మీద కూర్చోలేకపోయింది. వెంట వచ్చిన వాళ్ళమ్మ గొంతు పెంచకుండా అడిగింది.

"మా మామ మీద పగుంటే మీరే పోయి తీర్చుకోవాల్సింది మేడం. నా బిడ్డను యాల ముందు పెట్టినారు?"

"మీరైనా అడ్డం పడలేదా?" అన్నాను. నోటి దురద.

"పడినా." కొంగు తొలగించి మోచెయ్యి చూపింది. అక్కడా అదే సైకిల్ ట్యూబు వెడల్పు వాత.

ఆ వారమే బిడ్డను కుప్పంలో పుట్టింటికి తీసుకుపోయింది. ఆ ఇంటి నుంచి పిల్లను తప్పించింది నేనేనని నాతో నేను చాలాసార్లు వాదించుకున్నాను. గెలవలేదు.

ఆయనను మాత్రం క్షమించలేదు. ఆ మాడిన ముఖం తలచుకుంటే ఇప్పటికీ హాయిగానే ఉంటుంది. చెడ్డదాన్నని అనుకునేవాళ్ళు అనుకోండి. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్ళయి పిల్లలుండే వయసు. నా మీద పగ పెంచుకుని ఉంటే అది సబబే. తీర్చుకోదలిస్తే మధ్యలో ఎవరి బిడ్డనూ పెట్టకుండా నేరుగా నా దగ్గరికే రావాలి.