ఇంకోపారి ఆనందం సారు

ఆనందం సారు నోట్లె ఎప్పటికి ఒక్కటే మాట: "ఇంకోపారి." పెండ్లిల పంతులు మంత్రం జదివినా, బస్టాండుల కండక్టరు "కోరుట్ల, కోరుట్ల" అని ఒర్రినా, సారు ఆగి, చెవు అటు వెట్టి, "శ్రుతి జారింది, ఇంకోపారి" అనేటోడు. "బాగుంది" అన్న మాట ఆయన నోట ఇన్నోళ్లు జగిత్యాలల లేరు. కట్టుకున్న భార్య వండిన పప్పునే అన్లేదు, ఇగ బయటోళ్లను అంటడా?

ఆయన ఉండేది సత్తవ్వ ఇంటి మేడ మీద, కిరాయికి. ఒకనాడు నల్ల కాడ నీళ్ల వరుసల ఎల్లవ్వ బిందె ముందుకు జరిపిందని సత్తవ్వ తిట్లు అందుకున్నది. సగం వాడ దర్వాజలల నిలవడ్డది. మీదికెల్లి సారు తొంగి జూసి, "సత్తవ్వా, మొదటి తిట్టు పైన ఎత్తుకున్నవ్, రెండోదానికి దమ్ము సాల్లేదు. ఇంకోపారి" అన్నడు. ఎల్లవ్వ నవ్వింది, వాడంత నవ్వింది, కొట్లాట అక్కడ్నే సచ్చింది. మంచి కొట్లాటను పాడుజేసినోన్ని సత్తవ్వ అంత జల్దిన మాఫ్ చెయ్యదు.

చర్చిల హార్మోనియం పట్టి పైకొచ్చిన గీ సారు, యూనివర్సిటీల సంగీతం చదివే పిల్లలకు సాధన చేయిస్తడు. చదువు పట్నంల. ఆఖరి యేడు మాత్రం పిల్లలు తమ దిక్కు ఒక గురువు ముందట కూసోని రెండు వందల గంటలు పాడాలె. గంటకొక సంతకం ఆయన పుస్తకంల పెట్టాలె. ఆనందం సారు ఆ పుస్తకం అల్మారల వెడ్తడు, పిల్లలకు చూపియ్యడు. అటెన్క పెద్ద సార్లు వచ్చి కచేరి చేయించి ఇంటరు. అదే పరీక్ష.

సిరిసిల్ల పిల్ల నవ్య గట్లనే వచ్చి సత్తవ్వ ఇంటి ముందటి అర్రల కిరాయికి దిగింది. పొద్దుగాల ఆరింటికి మేడ మీద మొదలయ్యేది.

"స..."

"ఇంకోపారి."

"స..."

"ఇంకోపారి."

సత్తవ్వ కిందికెల్లి ఒర్రేది: "ఓ సారూ! పిల్ల గొంతు పలిగెదాక ఊకోవా?"

"ఊకోవా అన్నకాడ తగ్గింది సత్తవ్వా. నువ్వు గూడ ఇంకోపారి."

నవ్య నాయిన దేవేందర్ సాంచెల మీద, అంటె కరెంటు మగ్గాల మీద, బట్ట నేసెటోడు. ఆ యేడు సిరిసిల్లల సాంచెలు ఒక్కొక్కటే బందయినయి. జనం మూటలు గట్టుకోని బొంబాయి దిక్కు భివండి బస్సులెక్కవట్టిండ్రు. దేవేందర్ జగిత్యాల వచ్చిండు.

"భివండిల పని దొరికింది సారు. బిడ్డ తోడుండి నూలు కండెలు చుడితెనే ఇల్లు ఎల్తది. సాధన అయిపోయిందా?"

"ఏడ అయింది? ఇంకోపారి పాడాలె."

దేవేందర్ వచ్చిన బస్సుకే తిరిగి పోయిండు. పదిహేను రోజులకు మళ్ల అచ్చిండు. మళ్ల గదే జవాబు.

నవ్య ఆ పూట బువ్వ ముట్టలేదు. "ఏం పాడినా సారుకు నచ్చదవ్వా. నాకు పాట రాదు. పోయి కండెలే చుట్టుకుంట."

సత్తవ్వ చదివింది రెండో తరగతి. అంకెలు ఎరుకే, అక్షరాలు కూడవలుక్కుంటది. కొంగు చెక్కి, మేడెక్కి, సారు అల్మారల నవ్య సంతకాల పుస్తకం గుంజి ఇప్పింది. ఆఖరి పేజీల రెండు వందలో సంతకం నెల కిందిది.

"ఏందయ్యా గిది? పుస్తకం నిండి నెలాయె!"

"మెల్లగ, సత్తవ్వా!" ఆనందం సారు తలుపు దగ్గరికేసిండు. "నిండిందంటె తండ్రి రేపే పిల్లను బస్సెక్కిస్తడు. పరీక్ష ఇంకా ఇరవై రోజులున్నది. అంత దూరం పోయినోళ్లు పరీక్షకు తిరిగొస్తరా?"

"గందుకని అబద్ధమాడుతవా?"

"గాయన నేసెటోడు. పూర్తిగాని గుడ్డను సాంచె మీదికెల్లి కొయ్యడు, చెయ్యి రాదు. అయిపోయిందంటె మాత్రం గడియ ఆగడు."

"మరి నాకెందుకు జెప్పలే?"

"నీకు జెప్తె నల్ల కాడ జెప్పినట్టే."

సత్తవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాని మాట నిజమే. "పిల్లకన్న ఒక్కపారి బాగున్నదని అనరాదు?"

"ఆమె మొఖంల ఏది దాగదు. తండ్రి కనిపెడ్తడు. అందుకే రాసిపెట్టిన." సారు సంతకం పక్క గడి చూపిచ్చిండు. సత్తవ్వ వేలు వెట్టి కూడవలుక్కున్నది: బా...గుం...ది. కింది గడిల గదే. దాని కింద గదే. రెండు వందల గడులు.

వారానికి దేవేందర్ మూటతోని, తనకు, భార్యకు, బిడ్డకు ముగ్గురికి టికెట్లతోని దిగిండు. సారు గొంతు సవరించుకునేలోపట్నే సత్తవ్వ మెట్లకు అడ్డం నిలవడ్డది.

"ఏడ అయింది కొడుకా? రోజు నేనింటలేనా? స కాడనే జారుతున్నది. సగం గుడ్డ మీద కత్తెర పెడ్తవా?"

దేవేందర్ మూట కింద వెట్టిండు. "పాపం తగుల్తదవ్వా. పూర్తి గానియ్యి" అని ఒక టికెట్టు చింపేసిండు.

శ్రుతంటె ఏందో సత్తవ్వకు ఆవగింజంత ఎరుక లేదు. మెట్ల మీద అంత ఇన్న సారు, పుట్టి బుద్ధెరిగినంక మొదటిపారి, ఇంకోపారి అన్లేదు.

పరీక్ష పొద్దు సత్తవ్వ ఆ పుస్తకం తీసి నవ్య ఒడిల పడేసింది. "చదువుకో. మళ్ల ఏడ్చి గొంతు పాడుజేసుకోకు." నవ్య ఏడ్వనే ఏడ్చింది, అయినా పాడింది. పెద్ద సార్లు పాసన్నరు.

తెల్లారి భివండికెల్లి ఫోనచ్చింది. "శ్రుతి కలిసిందా అవ్వా?"

"కలిసింది కొడుకా. నిన్న పదకొండు గంటలకు. నలుగురు సార్లు సాక్ష్యం."

"అయితె అచ్చి తోల్కపోనా?"

సత్తవ్వ మేడదిక్కు జూసింది. కోరుట్ల బడిల పాట చెప్పెటోళ్లు కావాల్నంటె నవ్య కొలువు కోసం మాట్లాడొస్తనని సారు పొద్దుగాల్నే బస్సెక్కిండు.

"యాడ తోల్కపోతవ్ దేవేందరూ? ఆ గుడ్డ కోసినం గని, కోరుట్లల ఇంకోటి ఎక్కిస్తున్నం."